నీడ బొంత ఎక్కేలోపు

మళ్ళీ ఎర్రదీపమే. గుండీ డ్రోనును రెండు చేతులతో నిండు గిన్నెలా తొణక్కుండా పట్టుకుని తన చుట్టూ తాను తిరిగింది, ముక్కు నేలవైపు వంచి పట్టుకుని ఇంకోమారు తిరిగింది, తిరుగుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టింది, తీరా కళ్ళు తిరిగి పిట్టగోడకు ఆనుకుని చూస్తే దాని వెనకవైపు ఎర్రదీపం టపటపలాడుతోంది, పాలగిన్నె దొర్లించేసి ఏమీ ఎరగనట్టు కళ్ళార్పే పిల్లిలాగా. రిమోట్‌లోంచి ఆడగొంతు ఒకటి ఏదో దూరదేశపు భాషలో రెండు ముక్కలంది. తెరమీది రాతను గుండీ ఇంగ్లీషులోకి మార్చుకోగలిగింది గానీ ఆ గొంతును మార్చే మీట ఎక్కడుందో దొరకలేదు. అయినా ఏమందో తెలుస్తూనే ఉంది, విసుక్కోవడానికి ఏ భాషలోనైనా ఒకటే రాగం కదా. తెరమీద విడమరిచి ఉండనే ఉంది: కంపాస్‌కు దిక్కు కుదరలేదు, ఇనుముకు దూరంగా జరిగి మళ్ళీ తిప్పండి. ఎంత దూరం జరగాలమ్మా తల్లీ, ఇంకొంచెం జరిగితే పిట్టగోడ దాటి వీధిలో పడతాను, అప్పుడు నువ్వెగరకపోయినా నేనెగురుతాను, అనుకుని గుండీ తనలో తానే నవ్వుకుంది. నవ్వు పూర్తికాకముందే చూపు నీడ మీదికి పోయింది. పక్క మేడ మీది నీళ్ళట్యాంకు నీడ, లావుపాటి మనిషి తీరిగ్గా భోజనానికి వస్తున్నట్టు, గచ్చుమీద జరుగుతూ జరుగుతూ బొంతకు మూరెడు దూరంలోకి వచ్చేసింది.

బొంతంటే మంచం మీది బొంత కాదు. మేడంత బొంత. ఈ పక్కన మెట్లగది గుమ్మం నుంచి ఆ పక్కన పిట్టగోడ దాకా పరిచి, నాలుగు వైపులా ఇటుకలు పెట్టారు. ఊళ్ళోవాళ్ళు కింది కుట్టుషాపుకు పొడుగు తగ్గించమనీ వెడల్పు లాగమనీ తెచ్చిన బట్టల్లోంచి కత్తిరించిన ముక్కలన్నిటినీ గుండీ మేనత్త ఏళ్ళ తరబడి పారెయ్యకుండా దాచింది. ఎందుకని అడిగితే ఆవిడకే తెలీదు, "పారేస్తే మళ్ళీ వస్తాయా?" అనేది. ఆ ముక్కలన్నీ అత్తా మేనకోడలూ కలిసి కుట్టేసరికి ఊరే ఒక బొంతయింది. గుండీ తీస్తున్న సినిమా అదే: తలవంచుకుని కుట్టుకుంటూ కూర్చున్న ఒక మనిషి, ఆ మనిషి చేతికింద పోగైన ఒక ఊరు. అన్నీ తీసేసింది. సూది తీసింది, సూదిలోకి దారం ఎక్కించే తడి వేళ్ళు తీసింది, మిషను కాలిపలక అడుగున పాలిష్ అరిగిపోయిన గచ్చు తీసింది. మిగిలింది ఆఖరి దృశ్యం ఒక్కటే. బొంత మధ్యలో అత్త, కెమెరా నిట్టనిలువునా పైకి లేచిపోతూ ఉంటే అత్త చిన్నదై, బొంత చిన్నదై, చివరికి ఆ బొంత కూడా మేడల మధ్య ఇంకో ముక్కై కలిసిపోవాలి. అది ఈ సాయంత్రమే కావాలి. రేపు పొద్దున్న మేడాయన పైన రేకుల షెడ్డు మొదలుపెడుతున్నాడు. దానికి తెప్పించిన ఇనుపగొట్టాలు అప్పుడే మెట్ల పక్కన కట్టలుకట్టి పడున్నాయి. ఆకాశం ఉన్న మేడకు ఇవాళే ఆఖరు. ఎండ బొంతమీద ఉండేది ఆ ట్యాంకు నీడ వచ్చేదాకానే.

"తిరిగింది చాల్లే గుండీ, చూస్తున్న మాకు వాంతొచ్చేట్టుంది," అన్నాడు అన్న. సిటీబస్సు నడుపుతాడు, ఇవాళ సెలవు, సాయానికొచ్చి సాయంకన్నా మాటలే ఎక్కువ చేస్తున్నాడు. "నాకివ్వు, లైసెన్సున్నవాణ్ణి."

"నీకిస్తే ప్రతి మేడ దగ్గరా ఆపుతావు," అంది గుండీ.

గుండీ అన్నది వయసు ముప్పై దాటినా వదలని పేరు. నాలుగేళ్ళప్పుడు షాపులో ఎవరిదో కోటు గుండీ మింగేసింది. ఇంట్లో అందరూ గోల పెడుతుంటే అత్త మాత్రం అరటిపళ్ళు తినిపించి, కాపలా కాసి, అది బయటికి రాగానే సబ్బుతో కడిగి, ఆ కోటుకే కుట్టి పంపింది. అలాంటి గుండీ ఇంకోటి దొరకదట. ఆ కోటాయన ఆ తర్వాత చాన్నాళ్ళు దాన్ని తొడుక్కుని వీధిలో పోతుంటే ఇంటిల్లిపాదీ తలుపులేసుకుని నవ్వేవాళ్ళు. వస్తువును పారెయ్యడమన్నది అత్త ఒంట్లోనే లేదు. అందుకే డ్రోను సంగతి మొదటిసారి చెప్పినప్పుడు గుండీ భయపడినట్టుగా ఏమీ జరగలేదు. కొత్తది కొనే తాహతు లేదత్తా, బయటిదేశంలో ఎవరో వాడేసినదాన్ని బాగుచేసి అమ్ముతున్నారు, రీఫర్బిష్డ్ అంటారు, అని నసుగుతూ చెబితే, అత్త పళ్ళమధ్య దారం తెంపి, "అంటే ఆల్టరేషన్ చేసిన డ్రోనన్నమాట. దానికింత సిగ్గెందుకే? మన పొయ్యి వెలిగేది ఆల్టరేషన్ మీదేగా," అంది. అంతకుముందు ఏం తక్కువ అవస్థలు పడ్డారని! తడిగుడ్డ తుడిచే కర్ర చివర ఫోను కట్టి పైకెత్తితే బొంతలో సగమూ అన్న బట్టతల మొత్తమూ వచ్చాయి. పక్క మేడ ట్యాంకు ఎక్కుతామంటే ఆ ట్యాంకు వాళ్ళు మొహమ్మీదే తలుపేశారు. గాలిపటానికి కడదామన్నాడు అన్న, వాడి తెలివి తెల్లారినట్టే ఉంది.

అమ్మినవాడు ఎవరో, ఆడో మగో కూడా తెలీదు, ఏ మంచుదేశంలోనో ఒక బల్ల ముందు కూర్చుని చిన్న చిన్న మరలు విప్పేవాడు. ఏ యంత్రం చేత తర్జుమా చేయించేవాడో గానీ పురాణం చెబుతున్నట్టు ఉత్తరం రాసేవాడు: గౌరవనీయురాలా, మీ ఎగురు కెమెరా నా బల్లపై స్వస్థత పొందినది, దాని నాలుగవ రెక్క నూతనము, దాని కడుపుపై గీత కలదు గాని అది దాని హృదయమును తాకలేదు. ఆ ముక్క చదివినప్పుడల్లా గుండీకి నవ్వొచ్చేది, నవ్వు తర్వాత ఎందుకో నమ్మకం కుదిరేది. గీతను దాచిపెట్టి అమ్మేవాడైతే హృదయం దాకా ఎందుకు పోతాడు? అత్త కూడా అంతే, గిరాకీకి బట్ట తిరిగి ఇచ్చేటప్పుడు లోపలివైపు తిప్పి, ఇదిగో ఇక్కడ అతుకు పడింది, బయటికి కనబడదు గానీ ఉంది, అని వేలు పెట్టి చూపిస్తుంది. పొట్లం వచ్చిన రోజు విప్పితే లోపల వాళ్ళ ఊరి పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కి ఉన్నాయి, ఇంకెక్కడిదో సబ్బు వాసన. అత్త ముందుగా డ్రోనును వెల్లకిలా తిప్పి పొట్ట చూసింది. గీత చూసింది, వేలితో నిమిరింది, "శుభ్రంగా చేశాడు," అంది. అత్త నోట ఇంకో పనివాడికి అంత మెప్పు రావడం గుండీ ఎరగదు. ఆదివారం షాపు మూసి, ఊరిబయట ఖాళీ స్థలానికి తీసుకెళ్ళి లేపితే, ఎలా లేచిందనుకున్నారు, పొద్దున్నే లేచిన పిట్టలా లేచింది. కంపాసు లేదు, తిప్పడం లేదు, మారు మాట్లాడలేదు. ఆ ఆదివారం ఎగిరింది ఈ సాయంత్రం ఎందుకెగరదు? మూడురోజుల్లో దీనికేం రోగమొచ్చింది?

ముందు ఆ ఇనుపగొట్టాల పనేననుకుంది. వాటికి దూరంగా ఈ మూలకొచ్చి తిప్పింది, ఎర్రదీపం. ప్లాస్టిక్ స్టూలెక్కి తిప్పింది, ఎర్రదీపం. పిట్టగోడలో ఊచలుంటాయేమోనని మేడ నడిమధ్యకొచ్చి బొంతమీద నిలబడి తిప్పింది, అత్త చేత "చెప్పులిప్పి తొక్కవే!" అని తిట్టు తినడమే మిగిలింది. తర్వాత సోదా మొదలెట్టింది. అన్న జేబులోంచి తాళాల గుత్తి తీయించింది. బెల్టు విప్పించింది.

"ప్యాంటు జారితే ఏం చేస్తావు? దాన్ని కూడా సినిమాలో పెట్టుకుంటావా?"

"బిగించి పట్టుకో. అత్తా, నీ కత్తెర?"

"నా కత్తెర నా నడుం దిగడం ఎప్పుడైనా ఎరుగుదువా నువ్వు?" అంటూనే అత్త నడుంనుంచి కత్తెర తీసి, పసిబిడ్డను పక్కింటివాళ్ళకిస్తున్నట్టు ఇచ్చింది. అన్నీ మెట్లగది లోపల పోగుపడ్డాయి, బెల్టూ తాళాలూ కత్తెరా అన్న చేతి గడియారమూ. తిప్పింది. ఎర్రదీపం. ఆ దూరదేశపు ఆడగొంతు ఈసారి మరీ గద్దించినట్టుంది. "ఆవిడకి పెళ్ళయిందేమో కనుక్కో, మా ఆవిడ గొంతే," అన్నాడు అన్న ప్యాంటు పట్టుకుని.

కింద షాపులో సగం కుట్టిన నిక్కరు మిషనుమీద అలాగే ఉంది. అన్న వచ్చి ఎండ బాగుందనగానే గుండీ సూది దించి, ఒంటిమీది దారప్పోగులైనా దులుపుకోకుండా, మెడలో టేపుతో పాటు మేడెక్కేసింది. ఇప్పుడు నీడ బొంత అంచును ముట్టుకోబోతోంది. ముందుగా దానికి దొరికేది ఆ మూలనున్న నీలం ముక్క, బడిపిల్లల లాగుది. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు పెరిగిపోయి వచ్చేవాళ్ళు, లాగులు మాత్రం పెరిగేవి కావు, వాళ్ళ అమ్మలు వచ్చి అంచు విప్పమనేవాళ్ళు, విప్పితే లోపల దాక్కున్న నీలం బయటపడేది, వెలిసిన నీలం పక్కన వెలవని నీలం, ఆ పిల్లాడికి తానెంత పెరిగాడో ఆ గీతే చెప్పేది. దాని పక్క తెలుపు నర్సుది, పొడుగు తగ్గించుకుంది, పరిగెత్తేటప్పుడు కాళ్ళకి అడ్డం పడుతోందని. ఆ పక్క ఖాకీ ముక్క అన్న మొదటి యూనిఫాం చేతులది. వాళ్ళిచ్చిన చొక్కాలో ఇద్దరు అన్నలు పట్టేవాళ్ళు. ఆ పక్క మంగలిషాపు తెర, దానికి ఇప్పటికీ ఎక్కడో ఒక వెంట్రుక గుచ్చుకునే ఉంటుంది. ఆ పక్క గొడుగు గుడ్డ. ఆ పక్క, అబ్బ, ఆ పక్కది, అది గుండీ మొదటి కుట్టు. పిల్లికూన నడిచినట్టు వంకరటింకర కుట్టు. అప్పట్లో అత్త అదేమీ అనేది కాదు, చేతికి బ్లేడు ఇచ్చి "ఊడదియ్యి," అనేది. ఊడదీసి కుడితే మళ్ళీ చూసి "ఊడదియ్యి." ఏడ్చినా "ఊడదియ్యి," ఏడుపు మానితే "ఇప్పుడు ఊడదియ్యి." అత్త ఆ మాటంటున్నప్పుడు ఆవిడ పెదాల మధ్య ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులుండేవి. సూదుల సందుల్లోంచే తిట్టేది, పాడేది, గిరాకీతో బేరమాడేది, ఒక్కటీ జారేది కాదు. గుండీ కూడా అలా పెట్టుకోబోతే ఠపీమని నోటిమీద ఒకటి పడింది. గుండీ మింగినదానివి, సూదులు కూడా మింగి మమ్మల్ని ఏ కాపలా కాయమంటావే అని కోప్పడి, ఆ రాత్రే పాడైపోయిన రేడియో స్పీకరు పగలగొట్టి, లోపలి అయస్కాంతం ముక్క తీసి, మెత్తటి గుడ్డలో పెట్టి కుట్టి చేతిపట్టీ చేసింది. ఇదిగో, నీ సూదులు ఇక్కడుంటాయి, నోట్లో కాదు, అంది. ఎంత గర్వపడిందో గుండీ ఆవేళ! బడిలో మిగతా పిల్లలకు గాజులుంటే తనకు సూదులు నిలబడే పట్టీ. గుడ్డ చిరిగినప్పుడల్లా కొత్త గుడ్డ వేసుకుంది గానీ లోపలి ముక్క అదే.

నీడ నీలం ముక్కమీద కాలు పెట్టింది. పోనీ, అనుకుంది గుండీ. పోనీ, ఆ మంచుదేశపు మనిషి మోసమే చేశాడనుకుందాం, ఆ ఆదివారం ఒక్కరోజుకు సరిపడా ప్రాణం పోసి పంపాడనుకుందాం. ఛ, అలా అనిపించదు. పొట్టమీది గీత చెప్పినవాడు పాపం. అయినా అతను రాసిందేమిటి, దయచేసి దానిని తొందరపెట్టవలదు, అది తన దిక్కును తానే తెలుసుకొనును. తెలుసుకోవాలిగా మరి! రేపట్నుంచి ఇక్కడ ఆకాశమే ఉండదు, షెడ్డు కింద దిక్కు తెలిసినా ఒకటే తెలియకపోయినా ఒకటే. ఇంకో మేడ వెతుక్కోవాలి, ఈ బొంతను మళ్ళీ మడిచి మోసుకెళ్ళాలి. మేడ దొరుకుతుందేమో గానీ ఈ మేడ దొరకదు, అత్త ఇన్నేళ్ళు ఏ మేడ కింద కూర్చుని కుట్టిందో ఆ మేడ. అత్త సంగతి చెప్పనే అక్కర్లేదు. వంచిన మెడ వంచినట్టే బిగుసుకుపోయింది, తలెత్తి పైకి చూడమంటే కనుబొమ్మలు మాత్రం ఎత్తుతుంది. అందుకే బొంత మధ్యలో పడుకోబెట్టి తీద్దామన్నది. పడుకుంటే తల ఎత్తనక్కర్లేదు, ఆకాశమే ఎదురుగా ఉంటుంది. "నడిమధ్యాహ్నం కూడా నడుం వాల్చి ఎరగను, ఊరంతా చూసేట్టు మేడమీద పడుకోమంటావా," అని మొదట నవ్వింది. తర్వాత ఎందుకో ఆలోచించి, ఎవరూ అడక్కుండానే బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకొచ్చింది. ఇస్త్రీ మడతలు ఇంకా మెరుస్తున్నాయి.

గాలి లేచింది. ఇటుక పక్కకు జరిగి బొంత మూల ఒకటి పైకెగిరి పటపటా కొట్టుకుంది. అత్త ఒక్క గంతులో, ఆ వయసులో అది గంతే, వెళ్ళి మూలను రెండు మోకాళ్ళతో తొక్కిపెట్టింది.

"అతుకు దగ్గర వదులైంది పిల్లా. ఒక గుండుసూది ఇలా పడెయ్యి."

"ఇంద," అంటూ గుండీ డ్రోనును చంకలో నొక్కిపెట్టి కుడిచెయ్యి ఎడమ మణికట్టు మీదికి పోనిచ్చింది. అది గుండీ పోనిచ్చిందనడం కూడా తప్పు, అన్నేళ్ళ అలవాటు పోనిచ్చింది. వేళ్ళకు సూది తగిలింది. లాగితే ఎప్పటిలాగే కొంచెం బెట్టుచేసి, టిక్కున ఊడొచ్చింది.

సూది చేతిలోనే ఉండిపోయింది.

మణికట్టును చూసింది. గళ్ళగుడ్డ పట్టీ, లోపల అదే అయస్కాంతం ముక్క, పైన నెమలి పురివిప్పినట్టు నిలబడ్డ సూదులు. చంకలోని డ్రోనును చూసింది. ఈ చేత్తోనే ఆ మూలన తిప్పింది, ఈ చేత్తోనే స్టూలెక్కి తిప్పింది, ఈ చేత్తోనే అన్న చేతిలోంచి బెల్టు లాగింది. షాపు మూసిన ఆదివారం ఈ పట్టీ మేకుకు వేలాడుతోంది, డ్రోను పిట్టలా ఎగిరింది.

"ఏమయిందే? సూది అడిగితే అలా బిగుసుకుపోయావు?"

గుండీ చెయ్యెత్తి చూపించింది. అత్త చూసింది, ముందు పట్టీని, తర్వాత డ్రోనును, తర్వాత మెట్లగదిలో పోగుపడ్డ తన కత్తెరను. ఆవిడ మొహంలో అర్థం మెల్లగా, నీడ కన్నా మెల్లగా ఎక్కింది. ఎక్కాక మాత్రం ఆగలేదు. "సంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే చెప్పుకునే మాటే అనుకున్నానే ఇన్నాళ్ళూ! కంటితో చూస్తాననుకోలేదు!" అని మోకాళ్ళమీదే కూర్చుండిపోయి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"నా బెల్టు!" అన్నాడు అన్న. "నా పరువు! అక్కడ ముగ్గురు మేడలమీదినుంచి చూశారు!"

గుండీ పట్టీ విప్పింది. ఎంత దూరం పెట్టాలో తెలీక ఆ చివరి పిట్టగోడ మీద పెట్టి పరిగెత్తుకొచ్చింది. మణికట్టు తేలిగ్గా, కొత్తగా, ఒలిచిన గింజలా ఉంది. తిప్పింది. ముక్కు వంచి తిప్పింది. రిమోట్‌లోని ఆడగొంతు ఏదో అంది. ఈసారి రాగం మారింది, బిడ్డ అన్నం తిన్నాక తల్లి గొంతు మారినట్టు. ఆకుపచ్చ దీపం.

"అత్తా, పడుకో! అన్నా, ఇటు మెట్లగదిలోకి రా, నీ తల కనబడుతుంది!"

అత్త బొంత మధ్యకు నడిచి, చీర సర్దుకుని, ఒక చెయ్యి ఆనించి, తర్వాత రెండో చెయ్యి, అలవాటులేని పని చేసే మనిషిలా జాగ్రత్తగా వెల్లకిలా పడుకుంది. నర్సు తెలుపు మీద భుజం, ఖాకీ మీద చెయ్యి, మంగలి తెర మీద తల. నాలుగు రెక్కలూ బుర్రుమన్నాయి, బొంతమీది దారప్పోగులు లేచి తిరిగాయి, బాగుచేసిన పాత డ్రోను నిట్టనిలువునా లేచింది. గుండీ మెట్లగది గుమ్మంలో ఒదిగి తెరమీదే కళ్ళు పెట్టింది. అత్త మొహం నిండుగా, తర్వాత అత్త మొత్తం, తర్వాత అత్త చుట్టూ నీలాలూ తెలుపులూ. ఏమీ చెయ్యకు, ఊరికే పైకి చూడు, అని వారంరోజులు నేర్పింది. అత్త అదేమీ చెయ్యడం లేదు. కళ్ళు చికిలించి డ్రోను పొట్టను, ఎవరో తెచ్చిన బట్టను లోపలివైపు తిప్పి చూసినట్టు, పరీక్షగా చూస్తోంది. ఆ చూపు చాలు. గుండీ ఆపలేదు. బొంత అరచెయ్యంతైంది, దాని మూలను నీడ కొరుకుతోంది. పక్కన ఇనుపగొట్టాలు అగ్గిపుల్లలయ్యాయి, మేడలన్నీ ముక్కలు ముక్కలుగా వచ్చి ఒకదాని పక్కన ఒకటి అతుక్కున్నాయి. ఆ చివరి పిట్టగోడ మీద చిటికెడు మెరుపు. ఏమిటా అని చూస్తే తన పట్టీయే, సూదులన్నీ ఆఖరి ఎండకు తళుక్కుమంటున్నాయి. దృశ్యంలో పడింది. పడనీ.

"పిల్లా!" పడుకున్నచోటినుంచే అత్త కేకేసింది. "బొంత మొత్తం కనబడుతోందా?"

"కనబడుతోందత్తా! ఊరు మొత్తం కనబడుతోంది!"

"మరి నీ వంకర కుట్టో?"

గుండీ తెరమీదికి వంగి వెతికింది. గొడుగు గుడ్డ పక్కన ఉండాలి, పిల్లికూన నడిచిన కుట్టు. గొడుగు గుడ్డే నువ్వుగింజంత ఉంది.

"లేదత్తా! ఇంత ఎత్తునుంచి ఏమీ కనబడటం లేదు!"

బొంత మధ్యలోంచి ఆకాశం అదిరేట్టు అత్త గొంతు లేచింది.

"ఈ ముక్క ముందే తెలిస్తే అన్నేళ్ళు నీచేత ఎందుకే ఊడదీయించాను!"

గుండీ నవ్వుకు రిమోట్ మీది వేళ్ళు జారి, పైనెక్కడో డ్రోను ఒరిగి, తెరమీద ఊరంతా ఒక్కసారి ఉయ్యాలూగింది. ఊడదియ్యదు. ఆ ఊపును అలాగే ఉంచేస్తుంది.